ముసురులో రాగివామి

బెంగుళూరు నుంచి హోసూరు మీదుగా కృష్ణగిరికో, డెంకణికోటకో సంక్రాంతి ముందు వెనుకల ప్రయాణం చేసినవారు దారికి రెండు పక్కలా గడ్డివాములు చూసే ఉంటారు. కొన్ని పూరింటి కప్పులా పొడుగ్గా ఉంటాయి, కొన్ని గుడిగోపురంలా గుండ్రంగా ఉంటాయి. పొద్దుటి ఎండలో బంగారు రంగులో మెరుస్తాయి. బస్సు కిటికీలోంచి చూసి "ఎంత బాగుందో" అనుకుంటాం, అంతలో మలుపు వస్తుంది, మరిచిపోతాం. ఎండిన గడ్డిని ఒకచోట కుప్ప పోస్తే వామి అవుతుంది, అంతకన్నా అందులో ఏముంది అని చాలామంది అనుకుంటారు. ఏముందో రెండు విడతలుగా మా మేనమామ ఊళ్ళో ఉండి చూసి వచ్చాను. ఆ సంగతులు మన కుటుంబాలవారితో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ముందు ఊరు ఎక్కడుందో చెప్పాలి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న పీఠభూమి. ఒకప్పుడు సేలం జిల్లా, 1965 నుంచి ధర్మపురి జిల్లా, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. జిల్లాల పేర్లు మారాయి గాని ఇళ్ళలోని మాట మారలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. ఏ మాట ఏ భాషదో వెతుక్కోకుండానే పని జరిగిపోతుంది. మనం వామి అన్నదాన్ని పక్క వీధి కన్నడంవారు బణవె అంటారు, తమిళంవారు పోరు అంటారు. తమిళంలో పోరు అంటే యుద్ధం కూడాను. మా మామ ఈ మాట చెప్పి నవ్వుతాడు. "వాళ్ళు పెట్టిన పేరే సరైన పేరురా. గడ్డిని ఇంటికి చేర్చేది యుద్ధమే" అంటాడు. గోదావరి వైపు చుట్టాలు వచ్చి 'గడ్డిమేటు' అంటే మా అత్తకు నవ్వు.

ఈ ప్రాంతపు గడ్డి వరిగడ్డి కాదు, రాగిగడ్డి. ఆ తేడా తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. వరి పండేసరికి చేను చాలావరకు పచ్చటి పసుపుగా ఎండిపోతుంది. రాగి అట్లా కాదు. పైన కంకి ముదిరి గోధుమరంగుకు తిరిగినా కింద కాడ, ఆకు కొంత పచ్చగానే ఉంటాయి. అందుకే రాగిగడ్డి పశువుకు మెత్తన, రుచి, బలం. వరిగడ్డి కంటే బాగా అరుగుతుంది. రాగిలో సున్నం పాలు ఎక్కువని మనం ముద్ద తినేటప్పుడు చెప్పుకుంటామే, ఆ గుణం గడ్డిలోనూ కొంత ఉంది. కాని ఆ పచ్చదనమే కష్టం కూడా తెచ్చిపెడుతుంది. పచ్చిగా ఉన్నదాన్ని ఎండబెట్టాలి, ఎండబెట్టడానికి ఎండ కావాలి, రాగి కోతకు వచ్చే నెలలో ఇక్కడ ఎండను నమ్మలేం.

వర్షాధారపు రాగిని ఇక్కడ ఆషాఢ, శ్రావణాల్లో విత్తుతారు. కోత కార్తీక, మార్గశిరాల్లో. అంటే నైరుతి వెళ్ళిపోయి, ఈశాన్య రుతుపవనం నడుస్తున్న రోజులు. బంగాళాఖాతంలో ఎక్కడో వాయుగుండం పుడుతుంది. అది నెల్లూరు దగ్గరకో, పుదుచ్చేరి దగ్గరకో వచ్చి తీరం దాటుతుంది. అక్కడ కుండపోత. ఇక్కడికి వచ్చేసరికి అదే రెండు మూడు రోజుల ముసురు. చినుకు గట్టిగా పడదు, ఆగనూ ఆగదు. ముసురు లేని రోజుల్లో పొద్దున మంచు. తొమ్మిది, పది గంటలదాకా ఆకు మీద తడి ఆరదు, సాయంత్రం అయిదు దాటితే మళ్ళీ తడి దిగుతుంది. నడుమ ఉన్న ఆరేడు గంటలే గడ్డి ఆరే సమయం. వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికి తెలుసునని పెద్దలు ఊరికే అనలేదు.

మామకు ఉన్నది రెండెకరాలు. ఎకరన్నరలో రాగి వేస్తాడు, నడుమ అనపసాళ్ళు. మిగిలిన అరెకరంలో బోరుకింద కాస్త పచ్చిగడ్డి, కూరగాయలు. రెండు ఆవులున్నాయి. ఒకటి సీమ సంకరం, ఒకటి గౌరి అనే నాటావు. ఇంటి ఖర్చు పాల మీద నడుస్తుంది, రాగులు ఇంటి తిండికి. ఆయన లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక్కో ఆవుకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి. రెండింటికి పన్నెండు. డిశెంబరు నుంచి జూలై దాకా, అంటే గట్ల మీద కసువు మొలిచేదాకా, ఎనిమిది నెలలు. మొత్తం మీద దాదాపు మూడు టన్నులు. ఎకరన్నర రాగికి బాగా వచ్చిన ఏడు అంతే గడ్డి వస్తుంది. అటు ఇటు మిగులు లేదు. గడ్డి చెడితే కొనాలి. కొనే స్తోమత లేకపోతే ఒక ఆవును అమ్మాలి. అమ్మిన ఆవు తిరిగి రాదు. వామి బాగుంటే సంసారం బాగున్నట్టని అత్త అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

నేను వెళ్ళింది 2024 నవంబరు 27, బుధవారం. హోసూరులో దిగి డెంకణికోట బస్సు ఎక్కాను. దారిలో మత్తిగిరి వస్తుంది. అక్కడి పశువుల ఫారం ఈ కథకు కొంత సంబంధం ఉన్నదే. 1824లో కుంపిణీవారు సైన్యానికి గుర్రాలను పెంచడానికి దాన్ని పెట్టారు. ఇప్పుడు తమిళనాడు పశుసంవర్ధక శాఖ కింద ఉంది. గుర్రాల కోసం చోటు వెతికినవారు ముందు చూసేది నీళ్ళు, చల్లని గాలి, గడ్డి. రెండు వందల ఏళ్ళ కిందటే ఈ నేల గడ్డినేల అని గుర్తించారన్నమాట. ఇప్పుడు హోసూరు చుట్టూ కార్ఖానాలు, గులాబీల షెడ్లు, ఇళ్ళ లేఅవుట్లు. 1970లలో పారిశ్రామికవాడ వచ్చినప్పటి నుంచి ఊరు పెరుగుతూనే ఉంది. 2019లో కార్పొరేషను కూడా అయింది. బస్సు పట్నం దాటి పది కిలోమీటర్లు పోయాకగాని రాగిచేలు కనబడవు.

నేను చేరేసరికి మామ చేను సగం కోసి ఉంది. సోమవారం కోయించారట. కోసినది కోసినట్టు చాళ్ళుగా పరిచి ఉంది. మిగిలిన సగం నిలబడే ఉంది. ఆకాశంలో పలచని మబ్బుతెర. సూర్యుడు కనబడుతున్నాడు గాని చురుకు లేదు. "వచ్చినావా నాయనా, మంచి యాళకు వచ్చినావు. రెండు చేతులు తక్కువైనాయి అనుకుంటా ఉండాము" అంది అత్త. కాఫీ తాగి నేరుగా చేనికి వెళ్ళాం.

గడ్డి తిరగెయ్యడం అత్త పని. మధ్యాహ్నం ఎండలో తిరగెయ్యకూడదట. అప్పుడు ఆకు పెళపెళలాడుతుంది, చెయ్యి తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. గడ్డిలో సారమంతా ఆకులోనే ఉంది, కాడలో ఉన్నది తక్కువ. మంచు ఆరిన వెంటనే, ఆకు ఇంకా మెత్తగా ఉండగానే తిరగెయ్యాలి. ఎండ ఎక్కువైనా చేటే. పచ్చదనం తెల్లబోతుంది, వాసన పోతుంది. వాన తగిలితే కాడలోని తీపి కరిగి నేలపాలవుతుంది. అంటే గడ్డిని త్వరగా ఆరబెట్టాలి, కాని మాడ్చకూడదు. అత్త దీన్ని వడియాలతో పోల్చింది. ఇంటి ఆడవాళ్ళకు తెలియని విద్య కాదు ఇది.

ఆరిందో లేదో కంటికి తెలియదు. ఆకు చూస్తే ఆరినట్టే ఉంటుంది. కాడ కణుపుల్లో తడి దాగి ఉంటుంది. అత్త గుప్పెడు తీసి రెండు చేతులతో తాడు పేనినట్టు మెలిపెట్టింది. మెలిక విడవగానే గడ్డి విచ్చుకోవాలి, కొన్ని కాడలు చిట్లాలి. ముద్దగా అట్లాగే ఉండిపోతే పచ్చి. తరువాత ఒక కణుపును గోటితో గీరింది. గోటికి చెమ్మ అంటింది. "ఇంకా రెండు ఎండలు కావాల" అంది. శాస్త్రం చెప్పేదీ ఇదే. వామి వేసేనాటికి గడ్డిలో నీరు నూటికి పదిహేను పాళ్ళకు మించకూడదు. ఇరవై దాటితే లోపల సూక్ష్మజీవులు, బూజు పనిచేయడం మొదలుపెడతాయి, వేడి పుడుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేక పెరుగుతుంది. డెబ్బై డిగ్రీలు దాటిన వామి ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోవచ్చు. ఊళ్ళో పశువుల డాక్టరు మరో ఉపాయం చెప్పాడు. పొడి సీసాలో గుప్పెడు గడ్డి తుంపి వేసి, చెంచాడు పొడి ఉప్పు వేసి, మూతపెట్టి రెండు నిమిషాలు కుదపాలి. ఉప్పు పొడిగా రాలితే గడ్డి ఆరినట్టు, గడ్డలు కట్టి అంటుకుంటే ఆరనట్టు. అత్త ఆ పరీక్ష కూడా చేసి చూసింది. ఉప్పు అంటుకుంది. "నా గోరు ముందే చెప్పింది కదా" అంది.

రెండు ఎండలు కావాలి. ఉన్నాయా? అదే ప్రశ్న. బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం ఉందని రేడియో, టీవీ, సెల్‌ఫోను అన్నీ చెబుతున్నాయి. అది కదలడం లేదు. ముందు తుపాను అవుతుందన్నారు. తరువాత వాయుగుండంగానే తీరం దాటవచ్చన్నారు. చివరికి 29వ తేదీ మధ్యాహ్నం తుపానుగా మారిందని ప్రకటించారు. ఫెంగల్ అని పేరు. శాస్త్రజ్ఞులను తప్పుపట్టే పని లేదు, ఆ తుపాను నడకే అట్లా ఉంది. కాని చేలో గడ్డి పరుచుకున్నవాడికి ఒక్కో కబురుకు ఒక్కో నిర్ణయం మార్చుకోవడం సాధ్యమా?

గురువారం పొద్దున గట్టు మీద చిన్న సభ జరిగింది. పక్క చేను ఆయన తన రాగి అంతా కోసేశాడు. ఆయన మాట ఏమంటే, ఉన్నది ఉన్నట్టు ఇవాళే పెద్ద కుప్ప వేసి, ప్లాస్టిక్ పట్ట చుట్టూ కప్పి కట్టేద్దాం, వాన చుక్క లోపలికి పోదు అని. ఆయనకు కూలీలు దొరికారు, ట్రాక్టరు ఉంది. తొందర అర్థం కానిది కాదు. మా మామ వేరే విధంగా ఆలోచించాడు. నిలబడి ఉన్న సగం చేనును కోయవద్దన్నాడు. కోసి పరిచినదాన్ని పెద్ద కుప్ప వేయవద్దన్నాడు.

"నిలబడుకోనుండే చేను నీళ్ళు విదిలించుకుంటాదిరా. పండుకొన్నది తాగుతాది" అన్నాడు నాతో.

"మరి ఏనుగులు వస్తే?" అని అడిగింది అత్త.

ఈ ప్రశ్న బెంగుళూరులో ఉన్నవారికి వింతగా ఉంటుంది. ఇక్కడ కాదు. రాగి కంకి పాలుపోసుకునే నాటికి ఏటేటా బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు తళి, జవళగిరి, డెంకణికోట అడవుల్లోకి వస్తాయి. దక్షిణాన కావేరి దాకా అడవి ఉంది. 2014లో అందులో పెద్ద భాగాన్ని కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఏనుగులకు ఆ దారి పాతదే. దారిలో చేలు వచ్చాయి. రాగి అంటే వాటికి ప్రాణం. మంచెల మీద కాపలా, డబ్బాల మోత, అటవీశాఖవారి హెచ్చరికలు ఆ నెలంతా ఉంటాయి. కోస్తే ముసురు భయం, కోయకపోతే ఏనుగు భయం. మామ కాసేపు ఆకాశం వైపూ, కాసేపు అడవి వైపూ చూశాడు. "ఏనుగు వస్తే ఒక మూల పోతాది. వాన వస్తే పండుకొన్నదంతా పోతాది" అన్నాడు. అక్కడితో సభ ముగిసింది.

ఆ రోజంతా చేసిన పని చిట్టికుప్పలు కట్టడం. పరిచిన రాగిని చిన్న చిన్న కట్టలుగా కట్టాం. చేలో ఎత్తుగా ఉన్న చోటు, నీళ్ళు నిలవని మిట్ట చూసుకున్నాం. పన్నెండు, పదిహేను కట్టలను మొదళ్ళు నేలకు ఆనించి, కంకులు పైకి ఉండేలా, ఒకదానికొకటి ఆనుకునేటట్టు నిలబెట్టాం. తలకట్టు దగ్గర నారతో వదులుగా చుట్టాం. దాని మీద నిరుటి పాతగడ్డితో తలపాగా. లోపల చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి, గాలి అటు నుంచి ఇటు పోవాలి. ఉన్న ఒక్క పట్టను చిన్న ముక్కలుగా కోసి కొన్ని కుప్పల నెత్తిన మాత్రమే వేశాడు మామ. పక్కలు మూయనివ్వలేదు. మూస్తే లోపలి చెమ్మ ఆవిరై, ప్లాస్టిక్‌కు తగిలి చల్లబడి, చుక్కలుగా మళ్ళీ గడ్డి మీదే పడుతుందని ఆయన వివరించాడు. పైనుంచి పడే వానకంటే లోపలి వాన చెడ్డదట. చీకటి పడేసరికి ముప్పైకి పైగా కుప్పలు లేచాయి. దూరం నుంచి చూస్తే చేలో ముసుగు తన్నుకొని మనుషులు కూర్చున్నట్టు ఉన్నాయి.

శుక్రవారం మబ్బు కమ్ముకుంది. శనివారం మధ్యాహ్నం నుంచి తుంపర. ఆ రాత్రే, 30వ తేదీన, తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. దాటి నెమ్మదిగా మా వైపే వచ్చింది. ఆదివారం, సోమవారం సూర్యుడు లేడు. మా జిల్లాలోనే తూర్పున ఉన్న ఊత్తంగరైలో ఒక్క రోజులో యాభై సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొంగి, రోడ్డు పక్క నిలిపిన బండ్లు కొట్టుకుపోవడం టీవీలో చూశాం. మా ఊళ్ళో అంత లేదు. సన్నని, చల్లని, ఆగని ముసురు. ఇంట్లో కూర్చొని అనపకాయలు ఒలిచాం. గింజలు నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు చేసి, వేడి ముద్దతో పెట్టింది అత్త. నోటికి ఎంత బాగున్నా ఎవరి మనసూ విస్తట్లో లేదు. మామ గంటకోసారి వాకిట్లోకి వెళ్ళి గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి వచ్చేవాడు. అనూరాధ కార్తె చివరి రోజులవి.

మంగళవారం వాన ఆగింది, మబ్బు విడవలేదు. ఆ రాత్రి రెండు గంటల ప్రాంతంలో ఊరికి పడమట డబ్బాలు మోగాయి. మామ, చుట్టుపక్కలవాళ్ళు టార్చిలైట్లు పట్టుకొని వెళ్ళారు. నన్ను రానివ్వలేదు. తెల్లవారి చూస్తే నిలబడి ఉన్న చేనులో అడవి వైపు మూల పది సెంట్ల మేర నేలమట్టం. కొంత తిన్నవి, ఎక్కువ తొక్కినవి. బురదలో పళ్ళెమంత అడుగులు. మూడు ఏనుగులని అడుగులు చూసి చెప్పారు. మామ ఆ మూల చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకునే ఏర్పాటు ఉంది, పెట్టుకున్నాడు. "అనుకున్నంతే పోయింది" అన్నాడు. ఆ మాట ధైర్యంగా అన్నాడో, తనకు తాను చెప్పుకున్నాడో నాకు తెలియలేదు.

బుధవారం, డిశెంబరు 4న, ఎండ కాసింది. మంచు ఆరగానే చిట్టికుప్పలు విప్పాం. బయటి కట్టలు నల్లబారాయి, మొదళ్ళ దగ్గర మట్టి చిట్లి అంటుకుంది. కాని లోపలి కట్టలు తీయగానే ఒక వాసన వచ్చింది. కొత్త గడ్డి వాసన, కొంచెం తేయాకు పొడిలా, కొంచెం బెల్లంలా. రంగు లేతాకుపచ్చ. అత్త ఒక గుప్పెడు ముక్కుకు ఆనించుకొని ఏమీ మాట్లాడలేదు. పది కట్టల్లో ఏడెనిమిది చక్కగా ఉన్నాయి. రెండు రోజులు పల్చగా పరిచి ఆరబెడితే చాలు.

పక్క చేను ఆయన పెద్ద కుప్ప మీద ఆ పొద్దున సన్నగా ఆవిరి లేస్తోంది. ముందు మంచు అనుకున్నాం. మామ వెళ్ళి పట్ట ఎత్తి, చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, వెంటనే బయటకు తీశాడు. కాలుతోంది. పులిసిన వాసన. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నలుగురం చేరి మధ్యాహ్నానికి ఆ కుప్పంతా పీకి పరిచాం. పై వరస, బయటి వరస నిలిచాయి. నడుమ భాగం గోధుమరంగుకు తిరిగి, బూజు దారాలు పట్టింది. దాన్ని ఎరువుదిబ్బకు చేర్చడం తప్ప దారి లేదు. కొందరు బూజుగడ్డిని కడిగి, ఎండబెట్టి పశువుకు వేస్తారు. అది ప్రమాదం. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక, చెవులు, గిట్టలు కుళ్ళిపోయే డెగ్నాలా అనే జబ్బు ఉత్తరాదిలో ఎప్పటినుంచో తెలిసినదే. వానకు రంగు పోయి, సారం తగ్గి, బూజు మాత్రం పట్టని గడ్డిని బాగుచేసుకోవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై లీటర్ల నీళ్ళలో కరిగించి, సమంగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మూసి ఉంచి, తీసి ఆరబెట్టి వేస్తారు. ఆరు నెలలలోపు దూడలకు పెట్టకూడదు. కొలత తప్పకూడదు కనుక మొదటిసారి పశువుల డాక్టరును అడిగి చేయడం మంచిది.

మామ మిగిలిన సగం చేను ఆ వారంలో ఎండ చూసుకొని కోయించాడు. నేను బెంగుళూరు వచ్చేశాను. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. అప్పుడు నూర్పిడి. రాగిని కోసిన వెంటనే నూర్చరు. కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి ఉండేలా కుప్ప వేసి, కొన్ని వారాలు మగ్గనిచ్చి నూరిస్తే గింజ సులువుగా రాలుతుంది. ఒకప్పుడు కళ్ళంలో రాతిగుండును ఎద్దులు లాగేవి. ఇప్పుడు కొందరు తారురోడ్డు మీద పరిచి బండ్లను తొక్కనిస్తారు. అట్లా చేసిన గడ్డికి మట్టి, నూనె అంటుతాయి, బండ్లు నడిపేవాళ్ళకూ అది అపాయమే. యంత్రాలు కూడా వచ్చాయి, పని గంటల్లో అవుతుంది గాని గడ్డి ముక్కలు ముక్కలవుతుంది. మామ ట్రాక్టరు అడిగి తెచ్చి, కళ్ళంలోనే గుండు కట్టి తిప్పించాడు.

అసలు వామి అప్పుడు లేచింది. చోటు ఎంపిక ముందు. ఇంటి పొయ్యికి, కరెంటు తీగకు దూరంగా, నీరు నిలవని మిట్ట. నేల మీద నేరుగా వేయరు. రాళ్ళు, వాటి మీద దుంగలు, వాటి మీద ఎండుకంప పరిచి అడుగు ఎత్తు చేస్తారు. చెదలు, చెమ్మ రెండూ రావు. సన్నని కొస గాలివాన వచ్చే దిక్కుకు పెడతారు. ఇద్దరు కింద నుంచి మోపులు అందిస్తే మామ పైన నిలబడి పరిచాడు. అందరూ చేయగలిగినట్టు కనబడే పనిలో ఒక రహస్యం ఉంది. వామి నడుము ఎప్పుడూ అంచులకంటే ఎత్తుగా ఉండాలి. నడుమ తొక్కి గట్టి చేయాలి. అంచుల్లో కాడ కొస కిందికి వాలి ఉండాలి. అప్పుడు ప్రతి కాడా చిన్న చూరులా పనిచేస్తుంది, పడిన చుక్క బయటికే జారుతుంది. నడుము పల్లమైతే ప్రతి కాడా కాలువై నీటిని లోపలికి తెస్తుంది. అయిదారు వరసలకు ఒకసారి అత్త గుప్పెడు ఉప్పు చల్లింది. ఉప్పు పచ్చిగడ్డిని ఆరబెట్టదు, పశువు ఇష్టంగా తింటుంది. ఛాతీ ఎత్తు దాకా కొంచెం వెడల్పు చేస్తూ పోయి, ఆ పైన కప్పులా సన్నం చేశాడు. నల్లబారిన కట్టలను పారేయలేదు, నెత్తిన అవే కప్పాడు. చివర పక్కలను చేతివేళ్ళతో కిందికి దువ్వి, పురితాళ్ళకు రాళ్ళు కట్టి అటూ ఇటూ వేలాడదీశాడు. ఏప్రిల్, మే నెలల్లో గాలితో వచ్చే మామిడిజల్లులకు వామి నెత్తి ఎగిరిపోకుండా ఆ కాపు.

తీయడంలోనూ పద్ధతి ఉంది. చేతికి అందినచోట పీకకూడదు. ఒక కొస నుంచి పైనుంచి కిందికి రొట్టె కోసినట్టు తీస్తూ పోవాలి. మిగిలినది చెక్కుచెదరదు.

మొదటి మోపు ఆ సాయంత్రం కొట్టంలో వేశారు. గడ్డి గురించి మనుషుల మాటలన్నీ అయ్యాక చివరి తీర్పు ఆవుది. బూజు వాసన ఉంటే మూతితో పక్కకు తోసి, తొక్కి, దాని మీదే పడుకుంటుంది. గౌరి ముందు ఒకసారి ఊదింది. తరువాత తల ఎత్తకుండా తిన్నది. అత్త అది చూసి కొట్టం దీపం ఆర్పి లోపలికి వచ్చింది.

పక్క చేను ఆయనకు గడ్డి చాలదని అందరికీ తెలుసు. మామ తన వామి తెరవగానే ఇరవై మోపులు ఆయన కొట్టానికి పంపాడు. ధర మాట్లాడుకోలేదు. "వచ్చే కోతకు గడ్డికి గడ్డి" అన్నారు, అంతే. తనకే అటు ఇటుగా ఉన్న లెక్కలోంచి ఇరవై మోపులు పోతే వేసవి ఎట్లా గడుస్తుందని నేను అడిగాను. "ఈ పొద్దు ఆయన కొట్టం ఖాళీ అయితే రేపు నా చేను దగ్గర డబ్బా కొట్టేది ఎవరు?" అన్నాడు. 2025లో నైరుతి మే 24నే కేరళను తాకింది. అంతకుముందే బెంగుళూరు, హోసూరు వైపు మే నెలలో మంచి వానలు పడి గట్లు పచ్చబడ్డాయి. జూను మొదట్లో ఫోను చేస్తే వామి అడుగు రెండు వరసలు ఇంకా ఉన్నాయని చెప్పింది అత్త. రెండు ఆవులూ కొట్టంలోనే ఉన్నాయి.

మన పిల్లలకు పండగ సెలవులు వస్తాయి. హోసూరు, కోలారు, కృష్ణగిరి వైపు చుట్టాలున్నవారు ఈసారి మార్గశిరంలోనే వెళ్ళి చూడండి. గట్టు మీద నిలబడి చూడడం కాదు, ఒక పూట గడ్డి తిరగెయ్యండి. పిల్లల చేత ఒక గుప్పెడు మెలిపెట్టించండి, కణుపును గోటితో గీరించండి. వామి, మోపు, కట్ట, కళ్ళం అనే మాటలు పుస్తకంలో చదివితే ఒక రోజు గుర్తుంటాయి. అరచేతికి గరుకు తగిలితే చాలాకాలం ఉంటాయి. వెళ్ళేటప్పుడు పాత పంచె ఒకటి, తలగుడ్డ ఒకటి పట్టుకెళ్ళండి. రాగిగడ్డి నూగు మెడకు తగిలితే రెండు రోజులు దురద వదలదు.